ఫ్రెంచి పల్లెవంటలు మన పొయ్యిమీద

జగిత్యాల కోటను చూచినవారికి దాని ఆకారము వింతగా తోచును. మన దేశపు కోటలు గుట్టల వంపు ననుసరించియో, ఊరిచుట్టు గుండ్రముగనో ఉండుట వాడుక. ఇది మాత్రము నక్షత్రపు కోణములవలె మొనలు దేరి, చుట్టును అగడ్తతో నున్నది. ఇట్టి కోటలను కట్టు విద్య ఐరోపావారిది. ఫ్రాన్సులో వోబాన్ అను ఇంజనీరు (1633–1707) దానిని పరాకాష్ఠకు గొనిపోయెను. జగిత్యాల కోటను 1747లో జఫరుద్దౌలా కట్టించెనని చెప్పుదురు. ఆ పనిచేసిన ఫ్రెంచి ఇంజనీర్లు ఇద్దరి పేర్లు జాక్, తాల్ అనియు, ఊరిపేరు వారి పేర్ల కలయికయే అనియు ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఊరిపేరు సంగతి నిశ్చయించుట పండితుల పని. గృహిణికి తోచు ప్రశ్న వేరు: అంత దూరమునుండి వచ్చినవారికి ఇంటి భోజనము జ్ఞప్తికి వచ్చినప్పుడు, ఇచ్చటి సంతలో దొరకు వస్తువులతో వారి వంట సాగెడిదా?

నాటి సంత మాట విడిచినను, నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంగళ్ళలో కొన్న సరకుతోనే ఫ్రాన్సుదేశపు పల్లెవంటలు కొన్నింటిని చక్కగా వండుకొనవచ్చును. తెలుగువారికి ఫ్రెంచివారితో పరిచయము క్రొత్తది కాదు. యానాము 1954 వరకు వారి పాలనలో నుండెను. 1798లో హైదరాబాదున మరణించిన రేమండు పేరు మూసారాంబాగులో నేటికిని వినబడుచున్నది. వారి ఫిరంగులు మనకు తెలిసినవి, వారి కోటలు తెలిసినవి. వారి పొయ్యి మాత్రము తెలియలేదు.

ఫ్రెంచివంట యనగానే పలువురకు పట్టణపు పెద్ద హోటళ్ళు, వెండి పళ్ళెములు, నోరు తిరుగని పేర్లు కనులముందు నిలుచును. అది రాజులయొద్దను ప్రభువులయొద్దను, తరువాత పారిసు హోటళ్ళలోను, జీతముపై కుదిరిన పురుషులు పెంచిన వంట. దాని ప్రక్కనే మరియొక వంట ఆ దేశమునందు గలదు. అది ప్రొవాన్సు, అల్సాసు, దొఫినే, లాంగ్‌దొక్, లిముజాన్ మొదలగు సీమల పల్లెటిండ్లలో ఆడువారు వండినది. పెరటిలో నేది పండిన నది, ఇంటిలో నేది మిగిలిన నది కుండలో పడును. దానికి ఖరీదైన సామగ్రి పనిలేదు. మనము నేర్వదగినదియు ఇదియే.

ఆ సీమల వంటలను ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయునది ముఖ్యముగా కొవ్వు. ఉత్తరమున వెన్న, నైఋతిమూల బాతుకొవ్వు, ఆగ్నేయమున మధ్యధరాసముద్రపు టొడ్డున ఆలివునూనె. కూరగాయ యొక్కటియే యైనను, నూనె మారినచో అది వేరు ఊరి కూర యగును. ఇందు మనకు ఆశ్చర్యము లేదు. నువ్వులనూనెతో చేసిన పచ్చడిని, పల్లినూనెతో చేసినదానిని కనులు మూసికొని గుర్తుపట్టగల వారు మన యిండ్లలో నెందరో గలరు. కావున ఆలివునూనె సీసా కొనవలయునా యని అడుగువారికి నా సమాధానము: సొక్కాకును, కూరగాయల వంటకును చిన్నసీసా యొకటి కొన్నచో మంచిది, కొనలేనిచో వేరుసెనగనూనె వాడి, అది మన యింటి వంటకమని చెప్పికొనుట మేలు. వాసనలేని నూనె పోసి ప్రొవాన్సు పేరు పెట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు.

ఈ వంటలు పుట్టిన యిండ్లలోని ఆడువారికి పొయ్యికడ నిలుచుండు తీరిక లేకుండెను. ఈ మాట జ్ఞప్తియందుంచుకొన్నచో వాని పద్ధతులన్నియు తేటపడును. అల్సాసులో బెకొఫె యను వంటకమున్నది. ఆ మాటకు రొట్టెలవాని పొయ్యి యని యర్థము. అక్కడ సోమవారము బట్టలుతుకు దినమట. ఆ ఉదయము గృహిణి మాంసపు ముక్కలను, ఆలుగడ్డ బిళ్ళలను, ఉల్లిగడ్డలను మట్టిపాత్రలో వరుసలుగా పేర్చి, మూత యంచును పిండిముద్దతో మూసి, దారిలో రొట్టెలవానియింట దించి, ఉతుకుటకు పోయెడిది. రొట్టెలు కాల్చుట ముగిసినపిదప మిగిలిన వేడిమిలో ఆ పాత్ర గంటలకొలది మెల్లగా ఉడికెడిది. తిరిగి వచ్చునప్పుడు కూరయు రొట్టెయు ఒక్కచోటనే చేతికందెడివి. మూతకు పిండి చుట్టుట దమ్మువంట నెరిగిన తెలంగాణపు స్త్రీకి ఎవరును చెప్పనక్కరలేదు.

సిరిసిల్లలో కండెలు చుట్టు స్త్రీకిని, జగిత్యాల కోరుట్లలలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేయు స్త్రీకిని, మగవారు గల్ఫుదేశములలో నుండగా ఇంటిపనియు బయటిపనియు తానే చూచుకొను స్త్రీకిని ఈ సోమవారపు కుండ సంగతి వేరొకరి కథగా తోచదు. చేతులు వేరుపనిలో నుండగా తనంతట తాను ఉడుకు వంట ఆమెకును కావలసినదే. ఫ్రెంచివంట తీరికగల గొప్పయిండ్లవారికని యనుకొనుటయే పొరపాటు.

మొదలుపెట్టువారు సొక్కాతో మొదలుపెట్టుట మంచిది. ఇది నీస్ పట్టణపు తినుబండారము. ఆ యూరి కూర్ సలేయా అను బజారులో వేడివేడిగా కోసి, మిరియపుపొడి చల్లి, కాగితములో పెట్టి అమ్ముదురు. అందలి వస్తువులు శనగపిండి, నీరు, నూనె, ఉప్పు, అంతే. పావుకిలో పిండికి అరలీటరు నీరు, మూడు పెద్దచెంచాల ఆలివునూనె, ఒక చిన్నచెంచా ఉప్పు. పిండిని మొదట కొంచెము నీటితో ఉండలు లేకుండ కలిపి, తరువాత మిగిలిన నీరు పోసి, రెండుగంటలు కదలింపక యుంచవలెను. పైకి తేలిన నురుగును తీసివేయవలెను. అక్కడ గజము వెడల్పు రాగిపళ్ళెములో పలుచగా పోసి, కట్టెలపొయ్యి గర్భములోనికి త్రోసి, మండు వేడిమిలో కాల్చుదురు. పైభాగము అక్కడక్కడ నల్లబడవలెను. ఆ మాడుమచ్చలలోనే రుచి యున్నది.

మన యింట మందమైన ఇనుపపెనమును పొగవచ్చునట్లు కాచి, నూనె ధారాళముగా పోసి, ఆ పిండిని నాణెమంత మందమున పరచి, మూతపెట్టి, అడుగు గట్టిపడినపిదప తిరుగవేయవలెను. దోసెవలె పలుచన చేయరాదు. కరకరలాడు అంచును, మెత్తని నడుమును రెండును ఉండవలెను. కారము, జీలకర్ర, కొత్తిమీర చేర్చవలయునని చేయి లాగును. మొదటిసారి మాత్రము చేర్చక, మిరియముతోనే తిని చూడుడు. శనగపిండికి తన సొంతరుచి ఎంత యున్నదో బజ్జీలు తిని పెరిగిన మనము గమనింపలేదు.

సొక్కాను చూచినపుడు మన సర్వప్ప జ్ఞప్తికి రాక మానదు. ఒకచోట సర్వపిండి యందురు, ఒకచోట సర్వప్ప, గిన్నప్ప, తపాలచెక్క యందురు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారము కలిపి, నూనె రాచిన గుండ్రని సర్వలో లోపలితట్టున అద్ది, వ్రేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లులలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగపై కాల్చుట మనవారందరు ఎరిగినదే. రెండవ అప్ప అద్దుటకు ముందు సర్వను చల్లార్చవలెను. అందుచేత పెద్దకుటుంబములలో రెండుమూడు సర్వలు వరుసగా నుండెడివి. పప్పుపిండితో నీస్ స్త్రీ చేసినదానిని బియ్యప్పిండితో మనవారు చేసిరి. పొయ్యి లేనిచోట పాత్రనే పొయ్యిగా చేసిరి. పనితనములో మనది తక్కువ కాదు, ఒకపాలు ఎక్కువయే యని నా నమ్మకము.

అయినను ఒక్క విషయమున వారు మనలను మించిరి. వారు వ్రాసి పెట్టుకొన్నారు. రబూల్ అను వంటవాడు ప్రొవాన్సు సీమ వంటలను గ్రంథముగా కూర్చి 1897లో మార్సేయిలో ప్రకటించెను. 1921 మొదలుకొని కుర్నోన్‌స్కీ, మార్సెల్ రూఫ్ అను ఇద్దరు దేశమంతయు తిరిగి, ఏ సీమలో నేమి వండుదురో, ఎక్కడ తినదగునో అనేక సంపుటములుగా వ్రాసిరి. ఊరివంటను ఊరిపేరుతో గౌరవించుట వారికి అప్పటినుండి అలవాటైనది. ఆ గౌరవమువలన ఆడువారికి బ్రదుకుతెరువును దొరకెను. లియోన్ పట్టణములో ధనవంతుల యిండ్లలో వంటచేసిన స్త్రీలు సొంతముగా భోజనశాలలు పెట్టి, 'తల్లులు' అని పేరొందిరి. వారిలో ఉజెనీ బ్రాజియే (1895–1977) పల్లెలో పుట్టి, పదియేండ్లకే తల్లిని పోగొట్టుకొని, ఇండ్లలో పనిచేసి, 1921లో చిన్న భోజనశాల తెరచెను. 1933లో ఆమె నడిపిన రెండు శాలలకును మిషెలాన్ గ్రంథమువారు మూడేసి నక్షత్రముల నిచ్చిరి. ఆ గౌరవము నందిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె. ఆమె వండినది రాజుల వంట కాదు. కోడిని, కూరగాయలను, వెన్నను మర్యాదగా చూచిన ఇంటివంట.

మన సర్వప్పకు పిండి ఎంత, నీరెంత, నువ్వులెన్ని యని వ్రాసిన కాగితము ఎన్ని యిండ్లలో గలదు? పిడికెడు, చిటికెడు, చేతికి తెలియును అను కొలతలతో అత్తనుండి కోడలికి ఇన్నాళ్ళు నడచినది. నేడు కూతురు హైదరాబాదులోనో దుబాయిలోనో అమెరికాలోనో ఉండి ఫోనులో అడుగుచున్నది. చేతికి తెలియునన్న మాట ఫోనులో పోదు. పండుగకు పెద్దవారు పిండి తీయునప్పుడు ఆ పిడికిటిని ఒకసారి త్రాసులో పెట్టి చూచి, తూకము వ్రాసికొనుట ఐదునిమిషముల పని. సకినాలకు బియ్యము ఎంతసేపు నానవలెను, పిండిలో నువ్వులు, వాము ఏపాళ్ళలో నుండవలెను అను సంగతులును అట్లే. ఈ వ్యాసములో గ్రాములు, లీటర్లు చెప్పుటలో నా ఉద్దేశ్యమిదియే గాని, వంట త్రాసుతో చేయవలెనని కాదు.

ఇక ప్రొవాన్సువారి ఐగో బులీదో. ఈ పేరునకు ఉడికిన నీరని మాత్రమే యర్థము. ఇంతకంటె బీదపేరు వంటకు మరియొకటి యుండదు. అయినను, ఉడికిన నీరు ప్రాణము కాచునని ఆ సీమలో నొక సామెత గలదు. జబ్బుపడి లేచినవారికి, విందులో అతిగా తిన్నవారికి మరునాడు దీనిని పోయుదురు. లీటరు నీటిలో పది వెల్లుల్లి రెబ్బలు చిదిపి వేసి, ఉప్పు, ఒక సువాసనాకు చేర్చి, పావుగంట తెర్లనిచ్చి, దించి, ఒక చెంచా ఆలివునూనె వేసి, గిన్నెలో పరచిన ఎండురొట్టె ముక్కలపై పోయుటయే వంట. సూపు అని మనము వాడుచున్న మాటకు ఆ భాషలో పూర్వము అర్థము రసము కాదు. రసము పోయుటకై గిన్నెలో పెట్టిన రొట్టెముక్క. మిగిలిన రొట్టెను పారవేయని యిల్లాలి తెలివి ఆ పదములో దాగియున్నది. మనవారు రొట్టెను నలిపి, బెల్లము కలిపి సద్దుల బతుకమ్మకు మలీద చేయుదురు. వారు రొట్టెపై చారు పోసిరి. బేకరీలలో అమ్ము తీపిబ్రెడ్డు దీనికి పనికిరాదు. నిన్నటి జొన్నరొట్టెను నిప్పుపై మరల కరకరలాడునట్లు కాల్చి విరిచి వేసినచో, ఫ్రెంచివారును వంక పెట్టరు.

కూరగాయలలో నీస్ పట్టణపు రతతూయి లోకమంతట పేరుపడినది. వంకాయ, టమాట, బుట్టమిరప, కూర్జెత్ అను దోసవంటి గుమ్మడిజాతికాయ, ఉల్లిగడ్డ, వెల్లుల్లి అందలి వస్తువులు. చిత్రమేమనగా ఇందు వంకాయ మన దేశమునుండి పోయినది. అరబ్బులు దానిని మధ్యధరాతీరమునకు గొనిపోయిరి. ఫ్రెంచివారు దానిని ఓబెర్జిన్ అందురు. ఆ పేరు అరబ్బీ, పారసీక భాషల మీదుగా భారతదేశపు మాటనుండియే పుట్టినది. టమాట, మిరప, గుమ్మడిజాతి అమెరికాఖండమునుండి వచ్చినవి. కనుక ఆ యూరి సొంతవంట యనుదానిలో ఆ యూరివి నూనె, ఉల్లి, వెల్లుల్లి, ఆకులు మాత్రమే. మనము ఆ కూర వండినచో వంకాయ పుట్టింటికి వచ్చినట్లే.

దీనిని పాడుచేయు మార్గము ఒకటి గలదు: అన్ని ముక్కలను ఒక్కసారి గిన్నెలో వేసి ఉడికించుట. అట్లు చేసినచో అన్నియు ఒక్క గుజ్జగును. నీస్ యిల్లాలు ఒక్కొక్క కాయను విడివిడిగా నూనెలో వేయించి తీసి, చివరకు కలుపును. అరకిలో వంకాయ, అరకిలో టమాట, పావుకిలో బుట్టమిరప, పావుకిలో ఉల్లిగడ్డ, ఆరు వెల్లుల్లి రెబ్బలు ఆరుగురకు చాలును. కూర్జెత్ దొరకనిచోట లేతబీరకాయ కంటె లేత ఆనపకాయ మేలు. బీర నీరు వదలును. వంకాయ ముక్కలకు ఉప్పు రాచి అరగంట యుంచి పిండినచో నూనె తక్కువ త్రాగును. అన్నింటిని వేయించిన పిదప, టమాట ఉడికి దగ్గరపడుచుండగా తక్కినవి చేర్చి, సన్నని సెగపై ఇరువదినిమిషములు మూతపెట్టవలెను. కారము వేయరాదు. అక్కడ వాడు తీమ్ అను ఆకు మన సంతలో నుండదు. కాని దాని సువాసనకు మూలమైన పదార్థమే మన వాములోను గలదు. నలిపిన వాము చిటికెడు, నిజముగా చిటికెడే, చాలును. బిర్యానీలో వేయు ఆకు వారి లారెలు ఆకు కాదు. అది దాల్చినచెక్క జాతిది. దానిని వేసినచో కూర హైదరాబాదు దారి పట్టును. ఈ కూర మరునాడు చల్లగా తిన్నచో మొదటినాటికంటె బాగుండును. చపాతీలోనికిని, జొన్నరొట్టెలోనికిని ఒప్పును. అన్నములోనికి చప్పన.

దొఫినేసీమ ఆలుగడ్డ వంట పిల్లలకు మిక్కిలి ఇష్టమగును. 1788 జూలై 12వ తేదీన గాప్ అను పట్టణములో క్లెర్మొఁ-తొన్నేర్ ప్రభువు ఇచ్చిన విందులో దీని పేరు మొదట వ్రాతలో కనబడుచున్నది. మరుసటి సంవత్సరమే ఆ దేశమున విప్లవము వచ్చి ప్రభువుల విందులు ముగిసినవి గాని ఆలుగడ్డ నిలిచినది. కిలో ఆలుగడ్డలను చెక్కుతీసి, రెండు రూపాయి నాణెములంత మందము బిళ్ళలుగా తరుగవలెను. తరిగినపిదప కడుగరాదు, వానిలోని గంజియే పాలను చిక్కబరచును. వెల్లుల్లి రెబ్బతో పాత్ర లోపలితట్టు రుద్ది, వెన్న పూసి, బిళ్ళలను పేర్చి, ఉప్పు, మిరియము, జాజికాయ గీకినపొడి కొంచెము చల్లి, మునుగునంత చిక్కనిపాలు, మీగడ పోయవలెను. గేదెపాలు గల యింట ఈ వంట ఫ్రాన్సులోకంటె బాగుగా వచ్చుట కవకాశము గలదు. నేడు హోటళ్ళవారు దీనిపై జున్నువంటి చీజు పరచుచున్నారు. దొఫినేవారు దానిని ఒప్పుకొనరు. చీజు పొరుగు సవువా సీమవారి పద్ధతి. ఇట్టి సరిహద్దు తగవులు మనకును గలవు. పచ్చిపులుసులో బెల్లము వేయవచ్చునా యని రెండుజిల్లాల వియ్యపురాండ్రను అడిగి చూడుడు.

ఇది గంటన్నరసేపు సన్నని వేడిమిలో నుండవలెను, పైభాగము ఎర్రబడవలెను. ఓవెను లేదుగదా యని విచారింపనక్కరలేదు. ఫ్రెంచి పల్లెలలో పూర్వము అన్ని యిండ్ల ఓవెను లేదు. అంచుగల ఇనుపమూత పెట్టి, దానిపై నిప్పులు పోసి, క్రింద నిప్పులు పెట్టి కాల్చెడివారు. మన దమ్ము అదియే. గ్యాసుపొయ్యి మాత్రమే యున్నచో, పాత్రక్రింద పాతపెనమొకటి పెట్టి సెగ తగ్గింపవలెను. ఎర్రబరచుటకు వారి వంటయిండ్లలో సలమాండ్రు అను పనిముట్టుండెడిది: పొడుగుకాడ చివర మందమైన ఇనుపబిళ్ళ, దానిని నిప్పులో ఎర్రగా కాల్చి వంటకముపై అంటీయంటక పట్టెడివారు. కాడగల ఇనుపపెనమును బాగుగా కాల్చి, మందపు గుడ్డతో పట్టుకొని, పాత్రపై వ్రేలెడు ఎత్తున రెండునిమిషములు నిలిపినచో అదే పని జరుగును. పిల్లలను దూరముగా నుంచుట మరువరాదు.

మాంసము వండు యిండ్లవారికి లాంగ్‌దొక్ సీమ కస్సులే. కస్సోల్ అను మట్టిపాత్రనుబట్టి దానికాపేరు. కాస్తెల్‌నోదరీ, కర్కసోన్, తులూజ్ అను మూడూళ్ళవారు మా దనగా మా దని వాదింతురు. పంది, బాతు మాంసములు దానిలో ముఖ్యము. అయితే కర్కసోన్‌వారు గొఱ్ఱెమాంసము చేర్చుదురు గనుక, మటనుతో చేయుటకు మనకు ఆ యూరి దారి యున్నది. నూరేండ్ల యుద్ధములో ముట్టడిలో చిక్కినవారు దీనిని కనిపెట్టిరని కథ చెప్పుదురు. నేడు వాడు తెల్లచిక్కుడుగింజ అమెరికానుండి వచ్చినది. ఆ యుద్ధకాలమునకు అమెరికా పేరే ఐరోపాలో లేదు. కథ నిజమైనచో గింజ వేరై యుండవలెను. అందుచేత మన బబ్బెర్లను వాడుటకు నేను జంకను. పావుకిలో గింజలను రాత్రి నానబెట్టి సగము ఉడికించి, అరకిలో మటనును ఉల్లిగడ్డ, వెల్లుల్లి, రెండు టమాటలతో వేయించి, కుండలో మాంసము, గింజలు వరుసలుగా వేసి, ఉడికిన నీరే పోసి, రెండుగంటలు మూతలేక సన్నని సెగపై నుంచవలెను. పైన మీగడవలె కట్టు పెచ్చును గరిటెతో లోపలికి నొక్కుచుండవలెను. ఏడుమార్లు నొక్కవలెనని అక్కడి పెద్దల మాట. హైదరాబాదు దాల్చా ఎరిగినవారికి పప్పు, మాంసముల ఈ చెలిమి క్రొత్త కాదు. పులుపు, మసాలా లేకపోవుటయే తేడా.

ద్రాక్షసారాయిలో ఉడికించు బుర్గోన్యు సీమ కూరలను నేను ఇందు చేర్చలేదు. సారాయికి బదులు ద్రాక్షరసము, చింతపండు, వెనిగారు పోయుడని కొందరు చెప్పుదురు. పోయవచ్చును, తినవచ్చును, కాని అది ఆ కూర కాదు. బ్రెతాన్యు సీమ నల్లగోధుమ అట్లును అట్లే. నల్లగోధుమ, అనగా ఉత్తరదేశమువారు ఉపవాసములకు వాడు కుట్టు పిండి, దొరకినచో చేయుడు. దొరకనిచో జొన్నపిండితో మన అట్టు వేసికొనుట గౌరవము.

చివరకు తీపి. లిముజాన్ సీమలో నల్లచెర్రీపండ్లను గింజలతోనే పళ్ళెములో నింపి, కోడిగ్రుడ్లు, పాలు, పిండి, చక్కెర కలిపిన జారు పోసి కాల్చుదురు. దానికి క్లాఫుతీ యని పేరు. చెర్రీ గాక వేరు పండు వేసినచో అక్కడివారు దానిని క్లాఫుతీ యననీయరు, ఫ్లోన్యార్ద్ యందురు. కాబట్టి మామిడితో మనము చేయునది ఫ్లోన్యార్ద్. వేసవిలో జగిత్యాల సంతనుండి మామిడి లారీలకొలది ఉత్తరదేశపు నగరములకు పోవుచుండును; ఇంట మిగిలిన పండ్లకు ఇది మంచి దారి. పండు మిక్కిలి మెత్తబడినచో నీరు వదలి జారు విరుగును. చెక్కు తీయగా ముక్క నిలుచునట్టి బంగినపల్లి కావలెను. మూడు గ్రుడ్లు, నూరుగ్రాముల మైదా, ఎనుబదిగ్రాముల చక్కెర, మూడువందల మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు ఉండలు లేకుండ గిలకొట్టి అరగంట యుంచవలెను. వెన్న రాచిన పళ్ళెములో రెండు పండ్ల ముక్కలు పరచి పైన పోయవలెను. ఓవెను లేనివారు కుక్కరు అడుగున రెండుగుప్పిళ్ళ ఉప్పు పోసి, రబ్బరు వలయమును, విజిలును తీసివేసి, పది నిమిషములు కాచి, పళ్ళెమును లోపల దించి, సన్నని సెగపై ముప్పావుగంట యుంచవలెను. నడుమ గుచ్చిన పుల్ల శుభ్రముగా వచ్చినచో అయినట్లు. తీసినవెంటనే ఉబ్బియుండి, చూచుచుండగనే క్రుంగును. అది దాని స్వభావము, భయపడనక్కరలేదు. గోరువెచ్చగా నున్నప్పుడు కోసి పెట్టవలెను. ఆ ఉప్పును పారవేయక డబ్బాలో పోసి యుంచినచో మరల పండ్లకాలము వరకు ఇదే పనికి వచ్చును.